సంఘంలో పరిచర్య బృందాలు: పనితోపాటు నిర్ణయాన్నీ అప్పగించడం

తెలుగు క్రైస్తవ సంఘాలలో పనిచేసే చేతులకు కొరత లేదు. ఆదివారం తెల్లవారకముందే గుడి ఊడ్చి కుర్చీలు వేసేవారు, మైకులు సరిచూసేవారు, పాటలు నడిపించేవారు, పిల్లలకు వాక్యం నేర్పేవారు, ప్రభు బల్ల సిద్ధపరచేవారు, సభల రోజుల్లో వందలమందికి వండి వడ్డించేవారు దాదాపు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వీరిలో చాలామంది జీతం ఆశించి చేయడం లేదు. అయినా జనరేటరుకు డీజిల్ పోయించాలన్నా, సండే స్కూలు పిల్లలకు రంగు పెన్సిళ్లు కొనాలన్నా, స్త్రీల కూడికకు ఎవరినైనా ప్రసంగానికి పిలవాలన్నా అందరూ పాస్టరు గారి మాట కోసమే ఎదురుచూస్తారు. ఆయన ఊళ్లో లేని వారం పనులన్నీ ఆగిపోతాయి, ఉన్న వారం ఆయన ప్రార్థనకు, వాక్యధ్యానానికి సమయం చాలక సతమతమవుతారు. విశ్వాసులలో శ్రద్ధ తగ్గిందని దీనికి కారణం చెప్పుకోవడం మనకు అలవాటైంది. నేను చూసినంతలో అసలు చిక్కు వేరేచోట ఉంది: మనం పని పంచుతున్నాం గాని, ఆ పనికి సంబంధించిన నిర్ణయాన్ని మన దగ్గరే ఉంచుకుంటున్నాం.

ఈ చిక్కు అన్ని సంఘాలలో ఒకే రూపంలో కనిపించదు. ఒక దైవజనుడు స్వయంగా స్థాపించి, ఇంట్లో నలుగురితో ప్రార్థన మొదలుపెట్టి, స్థలం కొని, రేకుల షెడ్డు వేసి పెంచిన స్వతంత్ర సంఘంలో ప్రతి నిర్ణయమూ ఆయన దగ్గరకో, ఆయన కుటుంబం దగ్గరకో చేరడం సహజంగానే జరుగుతుంది, ఎందుకంటే మొదట్లో ఆ భారమంతా మోసింది వారే. లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వంటి పాత సంఘాలలో నియమావళి ఉంటుంది, ఎన్నికైన కమిటీ ఉంటుంది, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు; అక్కడ అధికారం పంచబడినట్టే కనిపిస్తుంది. కాని చాలాచోట్ల ఆ కమిటీ వర్గాల మధ్య పోటీకి వేదికగా మారి, ఎన్నికల్లో గెలిచినవారు పరిచర్యలో ఎక్కడా కనిపించకుండా, పరిచర్య చేసేవారికి కమిటీలో చోటు లేకుండా పోతుంది. అందువల్ల ముందుగా కమిటీకీ బృందానికీ ఉన్న తేడాను స్పష్టంగా చూడాలి. కమిటీ సంఘం ఆస్తికి, లెక్కలకు, నియమాలకు జవాబుదారీగా ఉండే పర్యవేక్షక వ్యవస్థ. బృందం ఒక నిర్దిష్టమైన పనిని కలిసి చేసే కొద్దిమంది. కమిటీ సభ్యులు పాఠం ఎలా చెప్పాలో సండే స్కూలు బృందానికి నేర్పబోతే, లేదా పాటల బృందం సంఘ నిధుల ఖర్చును తానే తేల్చబోతే, రెండూ దెబ్బతింటాయి.

ఒక్కడే అన్నీ చూడడం ప్రమాదమని చెప్పిన మొదటి సంఘటన నిర్గమకాండము 18వ అధ్యాయంలో ఉంది. ఉదయం మొదలుకొని సాయంకాలం వరకు ప్రజల తగాదాలు తీర్చుతున్న మోషేను చూసి ఆయన మామ యిత్రో “నీవు చేయుచున్న పని మంచిది కాదు” అన్నాడు. నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు అని హెచ్చరించాడు. ఈ రెండో మాటను మనం తేలిగ్గా దాటవేస్తాం. అలసిపోయే పాస్టరు గారి మీద మనకు జాలి కలుగుతుంది గాని, ఆయన కోసం వరుసలో నిలబడి అలసిపోయే సంఘం మీద కలగదు. యిత్రో చెప్పిన పరిష్కారంలో వెయ్యిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులు ఉన్నారు. చిన్న వ్యాజ్యాలు వారే తీర్చాలి, పెద్దవి మాత్రమే మోషే దగ్గరకు రావాలి. అంటే వారు మోషే చెప్పింది మోసుకెళ్లే వార్తాహరులు కారు, తమ పరిధిలో తీర్పు చెప్పగలవారు.

మన నేల మీద దీనికి గొప్ప ఉదాహరణ ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అక్కడ పని ప్రారంభించిన తర్వాత 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం ఏర్పడింది. పదకొండేళ్ల తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మనం తరచుగా ప్రసంగాల్లో వింటాం. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది మాత్రం క్లౌ దొర కాదని చెప్పేవారు తక్కువ. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున, ఆ పని చేశారు. ఆ ఆరుగురూ ఒక్కరోజులో తయారైనవారు కారు. ఎర్రగుంట్ల పేరయ్య వంటి తొలి విశ్వాసులు పల్లెపల్లెకూ తిరిగి సువార్త చెప్పిన ఏళ్లు, బోధకులందరూ మూడు నెలలకోసారి ఒంగోలులో కూడి తమ ఊళ్ల సంగతులు చెప్పుకొని, ప్రార్థించి, నేర్చుకొని వెళ్లిన కూడికలు దాని వెనుక ఉన్నాయి. 1876–78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించినప్పుడు కూలీల మేస్త్రీలుగా నిలిచింది కూడా ఈ బోధకులే. సహాయం కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశారు. కాబట్టి తర్వాత వచ్చిన వేలమందిని పరీక్షించడానికి, వారిని ఊళ్లలో కాపాడడానికి అప్పటికే నమ్మకం సంపాదించుకున్న మనుషులు సిద్ధంగా ఉన్నారు.

సంఘ బృందాల గురించి మాట్లాడేవారెవరైనా తిరిగి తిరిగి వెళ్లవలసిన చోటు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేము సంఘంలో గ్రీకు భాష మాట్లాడే యూదులు, అనుదిన పరిచర్యలో, అంటే రోజువారీ తిండి పంపిణీలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని హెబ్రీయుల మీద సణిగారు. ఈ ఫిర్యాదు వెనుక భాష ఉంది, ప్రాంతం ఉంది, తినేవారికి తిండి అందని కడుపు మంట ఉంది. అపొస్తలులు ఆ సణుగుడును తిరుగుబాటుగా తీసుకోలేదు, సణిగినవారిని పేరు పెట్టి మందలించలేదు, “నేనే చూసుకుంటాను” అని బల్లల దగ్గరకు పరుగెత్తలేదు. శిష్యుల సమూహాన్ని పిలిచి, “ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొని మంచిపేరు పొందిన యేడుగురు మనుష్యులను మీలో ఏర్పరచుకొనుడి” అన్నారు. అర్హతలు నిర్ణయించింది అపొస్తలులు, ఎన్నుకున్నది సంఘం, చేతులుంచి నియమించింది మళ్లీ అపొస్తలులు. ఎన్నికైన ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. చివరి వ్యక్తి అంతియొకయకు చెందిన మతప్రవిష్టుడు, అంటే పుట్టుకతో కాక యూదుల మతంలో చేరినవాడు. ఎవరికి అన్యాయం జరిగిందో వారి వైపు మనుషులకే పంపిణీని అప్పగించినట్టు ఈ పేర్లు సూచిస్తున్నాయి.

ఈ మాటను మన ఊళ్లకు తెచ్చుకుంటే బాధ కలుగుతుంది. ఒకే ఇంటిపేరు వారి చేతిలో, ఒకే వీధి వారి చేతిలో, కొన్నిచోట్ల ఒకే కులం వారి చేతిలో తాళాలు, లెక్కలు, మైకు అన్నీ ఉండిపోయిన సంఘాలు మనకు తెలియనివి కావు. అక్కడ ఎవరో సణిగితే ‘ఐక్యత చెడగొడుతున్నారు’ అనే ముద్ర పడుతుంది. యెరూషలేము సంఘం చూపిన దారి దీనికి పూర్తిగా భిన్నమైనది, ఆ దారి పట్టిన తర్వాత దేవుని వాక్యం ప్రబలి, శిష్యుల సంఖ్య విస్తరించిందని అదే అధ్యాయం 7వ వచనం చెబుతోంది. అంతియొకయలోనూ ఇలాంటి వైవిధ్యమే కనిపిస్తుంది. కార్యములు 13వ అధ్యాయంలోని ప్రవక్తలు, బోధకుల జాబితాలో కుప్ర ద్వీపానికి చెందిన లేవీయుడు బర్నబా, నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, హేరోదుతో కూడ పెంచబడిన మనయేను, ఒకనాడు సంఘాన్ని హింసించిన సౌలు (ఇతడే పౌలు) కలిసి ఉన్నారు. పౌలును మొదటి సువార్త ప్రయాణానికి పంపింది ఈ బృందమే.

ఎవరిని ఎన్నుకోవాలన్న ప్రశ్న దగ్గర మనం ఎక్కువగా రెండు పొరపాట్లు చేస్తాం. డబ్బున్నవారిని, పెద్ద ఉద్యోగంలో ఉన్నవారిని ముందు వరుసలోకి తేవడం ఒకటి. ఖాళీగా కనిపించిన యౌవనస్థుడికి, అతనికి ఏది చేతనవునో చూడకుండా, దొరికిన పని అప్పగించడం రెండోది. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో పరిచారకులు మొదట పరీక్షింపబడవలెనని, అధ్యక్షుడు, అంటే సంఘాన్ని చూసుకునే పెద్ద, కొత్తగా చేరినవాడై ఉండకూడదని ఉంది. పరీక్ష అంటే ప్రశ్నపత్రం కాదు. ఎవరూ చూడని చిన్న పనిని ఆరు నెలలు నమ్మకంగా చేశాడా, ఇంట్లో అతని మాట తీరేమిటి, అప్పు ఇచ్చినవారు అతని గురించి ఏమంటారు అన్నవి గమనించడం. వరాల విషయంలో కూడా ఓపిక అవసరం. నలుగురిలో నోరు విప్పలేని అక్క ఆసుపత్రిలో ఉన్నవారి పక్కన గంటలకొద్దీ కూర్చోగలదు. ఆమెను బలవంతంగా మైకు ముందు నిలబెట్టి, పరామర్శకు ఎవరూ లేరని బాధపడే సంఘాలు ఉన్నాయి.

ఎన్నుకున్న తర్వాత చేయవలసిన అతి ముఖ్యమైన పనిని మనం దాదాపుగా చేయం: ఏమి అప్పగించామో కాగితం మీద రాయడం. వేసవి సెలవుల్లో పిల్లలకు జరిగే వి.బి.ఎస్.ను (వెకేషన్ బైబిల్ స్కూలును) తీసుకోండి. బృంద నాయకురాలిగా ఒక టీచరమ్మను నియమించి “అమ్మా, అంతా మీరే చూసుకోండి” అంటారు. ఏప్రిల్ నెలాఖరుకు ఆమెకు చార్టులు, జిగురు, పిల్లల మజ్జిగ ప్యాకెట్ల కోసం రెండు వేల రూపాయలు కావాలి. కోశాధికారి పాస్టరు గారిని అడగమంటారు, పాస్టరు గారు ప్రయాణంలో ఉంటారు, ఆమె సొంత డబ్బు పెట్టి కొంటుంది. పాటలు నేర్పడానికి ఎవరిని పిలవాలో ఆమె నిర్ణయించేలోగా మరొకరు వేరొకరికి మాట ఇచ్చేస్తారు. మరుసటి ఏడాది ఆమె మర్యాదగా తప్పుకుంటుంది, ‘భారం తగ్గింది’ అని మనం అనుకుంటాం. ఒక్క పేజీలో ఐదు విషయాలు రాసి ఇస్తే ఇది జరిగేది కాదు: ఈ బృందం పని ఏమిటి, ఎవరినీ అడగకుండా ఏయే నిర్ణయాలు తీసుకోవచ్చు, ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, ఎవరికి ఎప్పుడు లెక్క చెప్పాలి, ఈ బాధ్యత ఎప్పటితో ముగుస్తుంది. ఆ కాగితాన్ని సంఘం ఎదుట చదివి, ఆ బృందం మీద చేతులుంచి ప్రార్థిస్తే, ఆ తర్వాత పాస్టరు గారు కూడా దానికి కట్టుబడి ఉండాలి. బృందం తీసుకున్న నిర్ణయం తనకు నచ్చనప్పుడు దాన్ని అందరిలో మార్చివేసే నాయకుడు ఒక్క నిమిషంలో సంవత్సరాల నమ్మకాన్ని పోగొట్టుకుంటాడు. తప్పు జరిగితే పక్కకు పిలిచి మాట్లాడవచ్చు, వచ్చే ఏడాదికి కాగితాన్ని సవరించవచ్చు.

డబ్బు విషయంలో మాత్రం నమ్మకం ఒక్కటే సరిపోదు. యెరూషలేములోని పేదల కోసం సంఘాలు ఇచ్చిన చందాను మోసుకెళ్లే సందర్భంలో పౌలు తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి కూడా పంపాడు. ప్రభువు దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలన్నది ఆయన కారణం. 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో ఇది స్పష్టంగా ఉంది. తన మీద ఎవరూ తప్పు మోపకూడదని అపొస్తలుడే జాగ్రత్తపడ్డాడు. మన గుడిలో ఆరాధన ముగిసిన వెంటనే, సంచులు గది దాటకముందే, బల్ల మీద కానుకలు కుమ్మరించి లెక్కించాలి. లెక్కించేవారు ముగ్గురైనా ఉండాలి, ముగ్గురూ ఒకే కుటుంబానికి చెంది ఉండకూడదు. నోట్లు ఒకరు లెక్కించి కట్ట కట్టాక రెండోవారు మళ్లీ లెక్కించాలి. దశమభాగం కవర్ల మీది పేరు, అంకె, లోపలి మొత్తం సరిపోల్చి రిజిస్టరులో రాయాలి. ముగ్గురూ సంతకం చేయాలి. మరుసటి పనిదినాన బ్యాంకులో వేసిన రసీదు అదే పేజీకి అంటించాలి. ఇప్పుడు చాలామంది ఫోనుతో కానుక పంపుతున్నారు గనుక గోడ మీది క్యూఆర్ కోడ్ సంఘం పేరిట ఉన్న ఖాతాదై ఉండాలి గాని, వ్యక్తి ఖాతాది కాకూడదు. పాస్టరు గారు ఈ బల్ల దగ్గర కూర్చోకపోవడమే ఆయనకు రక్షణ. నెలకోసారి ఆదాయవ్యయాలు నోటీసు బోర్డు మీద పెడితే సగం పుకార్లు పుట్టకుండానే పోతాయి.

పిల్లల మధ్య పనిచేసే బృందానికి కూడా ఇంతే కచ్చితత్వం కావాలి. ఏ పెద్దవ్యక్తీ ఒక్కరే ఒక పిల్లవాడితో గాని, ఆడపిల్లతో గాని మూసిన గదిలో ఉండకూడదన్న నియమం ఎవరి మీదా అనుమానంతో పెట్టేది కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి, తెలియజేయకపోవడం శిక్షార్హం. ‘సంఘం పరువు’ పేరిట పెద్దలు కూర్చొని మాట్లాడి సర్దుబాటు చేసే అధికారం ఏ బృందానికీ, ఏ కమిటీకీ, ఏ పాస్టరుకూ లేదు.

స్త్రీల స్థానం గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. మన సంఘాలలో అమ్మగారు, అంటే పాస్టరు గారి భార్య, సండే స్కూలు, స్త్రీల సమాజం, ఇళ్ల సందర్శన, అతిథుల భోజనాలు అన్నీ మోస్తారు; ఆ బాధ్యతలు ఏ కాగితం మీదా ఉండవు, ఆమెకు సహాయకులను ఎవరూ నియమించరు, ఆమె అనారోగ్యం పాలైతే గాని ఎంత చేస్తున్నదీ తెలియదు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో కెంక్రేయలోని సంఘ పరిచారకురాలైన ఫీబేను పౌలు పేరు పెట్టి సిఫారసు చేశాడు, ఆమెకు కావలసిన సహాయం చేయమని సంఘానికి రాశాడు. తెలుగు ప్రాంతంలో మిషన్ల కాలం నుంచి బైబిలు స్త్రీలు గడపగడపకూ వెళ్లి, మగ బోధకులకు ప్రవేశం లేని ఇళ్లలో వాక్యం చదివి వినిపించారు. వారి వారసురాళ్లను వంటగదికీ వేదిక అలంకరణకూ పరిమితం చేయడం మన చరిత్రకే అన్యాయం.

కలిసి పనిచేసేచోట అభిప్రాయభేదాలు తప్పవు. క్వయర్‌లోనే చూడండి: నలభై ఏళ్లుగా కీర్తనలు పాడిస్తున్న పెద్దాయన తబలా, హార్మోనియం చాలునంటారు, కీబోర్డు, రిథమ్ ప్యాడ్ నేర్చుకున్న పిల్లలు కొత్త పాటలు కావాలంటారు, శనివారం సాయంత్రం ప్రాక్టీసు వాదనతో ముగుస్తుంది. ఇక్కడ బృంద నాయకుడు ఎవరి పక్షమో తేల్చే న్యాయమూర్తిగా కూర్చోకుండా, సంఘం అంతా కలిసి పాడగలుగుతుందా అన్న ప్రశ్నను ఇద్దరి ముందూ పెట్టాలి. అప్పుడు ఏ పాటకు ఏ వాయిద్యం, ఏ శ్రుతి అన్నది మాట్లాడుకోదగిన విషయమవుతుంది. అంతకంటే పెద్ద భేదాలు కూడా వస్తాయి. మొదటి ప్రయాణంలో మధ్యలో విడిచి వెళ్లిన మార్కును మళ్లీ వెంటబెట్టుకెళ్లాలా వద్దా అన్న దాని మీద పౌలు, బర్నబాల మధ్య తీవ్రమైన వాదం కలిగి వారు విడిపోయారని లేఖనం దాచకుండా రాసింది. బర్నబా మార్కును తీసుకొని కుప్రకు వెళ్లాడు, పౌలు సీలను ఎంచుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత చెరసాల నుంచి రాసిన పత్రికలో పౌలు, మార్కును తీసుకొని రమ్మని, పరిచర్యకు అతడు ప్రయోజనకరమైనవాడని తిమోతికి రాశాడు. తప్పిన యౌవనస్థుడికి రెండో అవకాశం ఇచ్చిన బర్నబా లేకపోతే ఆ వాక్యం ఉండేది కాదని నేను నమ్ముతాను. కనుక ఒకసారి బాధ్యత మధ్యలో వదిలేసిన యువకుడి పేరును శాశ్వతంగా కొట్టివేయకుండా, చిన్న పనితో, ఓపికగల పెద్ద పక్కన మళ్లీ మొదలుపెట్టించాలి.

నాయకత్వం చేతులు మారేటప్పుడు ఈ నమ్మకమంతా పరీక్షకు నిలుస్తుంది. 1912లో కలకత్తాలో డోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తల మీద ఉంచుకొని సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమ అని పలికేలా చేసేవారు. సాక్ష్యం చెప్పే బాధ్యత జీతగాళ్లది మాత్రమే కాదని మొదటి రోజే ప్రతి గ్రామీణ విశ్వాసికీ తెలిసేది. అలాంటి సంఘంలో తర్వాతి నాయకుణ్ణి బయటి నుంచి వెతకవలసిన అవసరం తక్కువ. కువైట్ వంటి గల్ఫ్ దేశాలలో శుక్రవారం కూడే తెలుగు సంఘాలకు ఇది మరీ అత్యవసరం, ఎందుకంటే వీసా గడువు ముగిస్తే నాయకుడే స్వదేశానికి రావలసి వస్తుంది. ప్రతి పనికీ ఇద్దరు తెలిసినవారు ఉండకపోతే అక్కడ పరిచర్య నిలిచిపోతుంది.

ఇక్కడి సంఘాలూ ఇదే పద్ధతి పాటించవచ్చు. బృంద నాయకుడి కాలం రెండు, మూడేళ్లుగా ముందే నిర్ణయించి, చివరి ఏడాది తర్వాతి నాయకుణ్ణి పక్కన పెట్టుకొని నేర్పమని చెప్పాలి. అప్పగించే రోజున తాళంచెవులు, రిజిస్టరు, వస్తువుల జాబితా, రావలసిన, ఇవ్వవలసిన బాకీలు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ హక్కు, సంఘం యూట్యూబ్ చానల్ పాస్‌వర్డ్ అన్నీ సంఘపెద్దల ఎదుట కొత్తవారి చేతికి రావాలి. దిగిపోయిన నాయకుడు ఆ తర్వాత మూడు నెలలు అడిగితేనే సలహా ఇస్తూ, ఆదివారాలు మామూలు సభ్యుడిగా అదే బృందంలో కుర్చీలు వేస్తూనో, పుస్తకాలు పంచుతూనో ఉంటే కొత్త నాయకుడికి ధైర్యం కలుగుతుంది. విశ్వాసులు కూడా ఏదైనా అవసరం పడినప్పుడు పాత నాయకుడికి కాక కొత్తవారికే ఫోను చేయడం అలవాటు చేసుకుంటారు.